ఊటీ ఎత్తు, ఆరో స్థానం

పోలీసు ఉద్యోగాలకో ఆర్మీ ర్యాలీకో నోటిఫికేషన్ పడిందంటే చాలు, నాయుడుపేట చుట్టుపక్కల రోడ్ల మీద తెల్లారకముందే బూట్ల చప్పుడు మొదలవుతుంది. కుర్రాళ్లు ‘ఈవెంట్స్’ అని పిలుచుకునే పరీక్షల్లో అందరికీ గుబులు పుట్టించేది పదహారొందల మీటర్లు. ట్రాకు మీద నాలుగు ల్యాపులు. మొదటి ల్యాపు అందరూ తేలిపోతూ పోతారు. రెండోదానికి నోరు తెరుచుకుంటుంది. మూడోదానికి డొక్కలో పోటు. అక్కడ దమ్ము నిలబెట్టుకున్నవాడే నాలుగో ల్యాపు పరుగెత్తుతాడు, మిగిలినవాళ్లు ఈడ్చుకుంటూ పోతారు. మనలో చాలామందికి దూరపు పరుగంటే బతుకులో తగిలేది ఇదొక్కటే.

స్వర్ణముఖి ఒడ్డున, చెన్నై–నెల్లూరు హైవే మీద ఉన్న ఈ ఊరు బల్లపరుపు నేల. 2022లో తిరుపతి జిల్లాలోకి మారినా మాట, ఉక్కపోత, సముద్రం వైపు నుంచి వచ్చే గాలి అన్నీ నెల్లూరివే. ఇక్కడివాళ్లకు ఎత్తంటే శ్రీహరికోట నుంచి లేచే రాకెట్టు, లేదంటే శ్రీకాళహస్తి రోడ్డు పట్టి పోతే వచ్చే తిరుమల మెట్లు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి మూడున్నర వేల మెట్లు ఎక్కి, మోకాళ్లు పట్టుకుని గోవింద కొట్టిన ఆ కొండ కూడా సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల లోపే. అరకు కూడా అంతే. తూర్పు కనుమల్లో మనకున్న పెద్ద శిఖరాలే 1,700 మీటర్లు దాటవు. దూరపు పరుగు కోచ్‌లు తమ రన్నర్లను ఉంచాలనుకునేది 1,800 నుంచి 2,500 మీటర్ల మధ్య. అంత ఎత్తున తెలుగువాళ్లకు ఒక్క ఊరు కూడా లేదు.

ఎత్తు లేదు గానీ పరుగు మాత్రం ఈ దారికి కొత్త కాదు. ఇవాళ లారీలు దూసుకుపోయే హైవేకి ముందు ఇదే దిక్కున మద్రాసు నుంచి ఉత్తరాదికి పోయే ట్రంకు రోడ్డు ఉండేది. రైలు రాకముందు ఉత్తరాల సంచులు ఆ దారిన మనిషి కాళ్ల మీదే పోయేవి. సంచి భుజాన వేసుకుని, గంటలు కట్టిన ఈటె పట్టుకుని పరుగెత్తేవాడిని తపాలా శాఖ లెక్కల్లో రన్నరు అనేవారు. దొరలనూ జమీందార్లనూ పల్లకీలో మోసుకుపోయే బోయీలు కూడా నడిచేవాళ్లు కాదు, పదం పాడుతూ ఒకే అడుగు మీద పరుగులాంటి నడక సాగించేవారు. ఆ బోయీలు మారే మజిలీకీ, తపాలా చేతులు మారే చోటుకీ తెలుగులో ఒకటే మాట, అంచె. రన్నరు తన అంచె దాకా పరుగెత్తి, అక్కడ కాచుకున్నవాడి భుజానికి సంచి తగిలించి ఆగేవాడు. ‘అంచెలంచెలుగా ఎదిగాడు’ అనే మాటలో ఆ సంచి బరువు ఇప్పుడు ఎవరికీ తగలదు గానీ మాట అక్కడిదే. ఒక్కడు చేయలేని దూరాన్ని పదిమంది పంచుకోవడం ఆ వృత్తిలోని కిటుకు.

ఎత్తు సంగతి లోకానికి తెలిసింది పరుగు పందేల్లో కాదు. 1890లో ఫ్రాన్సు వైద్యుడు ఫ్రాన్స్వా వియో పెరూ దేశంలో, ఆండీస్ కొండల్లోని మొరొకోచా అనే గనుల ఊరికి పోయాడు. నాలుగు వేల మీటర్లు దాటిన ఊరు. అక్కడ ఉండగా తన రక్తమూ తోటివాళ్ల రక్తమూ తీసి చూస్తే ఎర్రకణాలు కొద్ది వారాల్లోనే పెరిగి కనిపించాయి. గాలి పలచబడితే శరీరం రక్తాన్ని చిక్కబరుస్తుందని తేలిపోయింది. ఆ ముక్క క్రీడలవాళ్ల చెవిన గట్టిగా పడడానికి ఇంకో 78 ఏళ్లు పట్టింది.

1968 ఒలింపిక్స్ మెక్సికో సిటీలో జరిగాయి. ఆ నగరం ఎత్తు 2,240 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే, మారేది ఒత్తిడి. సముద్రం దగ్గర 760 మిల్లీమీటర్ల పాదరసం ఉండే ఒత్తిడి అక్కడ 580 దాపులకు పడిపోతుంది. అంటే నాయుడుపేటలో నాలుగుసార్లు పీలిస్తే దొరికే ఆక్సిజన్‌కు అక్కడ ఐదుసార్లు పైనే పీల్చాలి. పలచని గాలి దూకేవాళ్లకు, పొట్టి పరుగులవాళ్లకు వరమైంది. బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకింది అక్కడే. దూరపు రన్నర్లకు మాత్రం అదే గాలి శాపమైంది. 10,000 మీటర్లలో ప్రపంచ రికార్డు 27:39.4 అప్పటికి ఆస్ట్రేలియా రన్నరు రాన్ క్లార్క్‌ది. మెక్సికోలో అదే పరుగును కెన్యావాడు నఫ్తాలి తెము గెలిచిన టైము 29:27.4. రికార్డు కంటే నిమిషం 48 సెకన్లు ఎక్కువ పట్టింది, అయినా బంగారు పతకం వచ్చింది. ఇథియోపియా రన్నరు మామో వోల్డే వెనకే రెండోవాడు. క్లార్క్ ఆరో స్థానంలో గీత దాటి అక్కడే కూలబడ్డాడు. జట్టు డాక్టరు అతని ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఎత్తు మీద పుట్టినవాళ్లదే గెలుపని ఆ వారం అందరూ అనేసుకున్నారు. 1,500 మీటర్లను కాస్త దగ్గరగా చూస్తే ఇంకోటి కనబడుతుంది. కెన్యా రన్నరు కిప్ కీనోకు పోటీ అమెరికావాడు జిమ్ ర్యున్. చివర్లో వేగం అందుకోవడంలో ర్యున్‌ను మించినవాడు లేడు. అందుకని కీనో తోటివాడు బెన్ జిప్చో మొదటి ల్యాపును 56 సెకన్లలో లాక్కుపోయాడు. ఆ ఎత్తులో అది తల తిరిగే వేగం. జిప్చో చివరికి వెనకబడ్డాడు. కీనో 3:34.9లో గెలిచాడు, ర్యున్ దాదాపు మూడు సెకన్ల వెనక. తర్వాతెప్పుడో జిప్చో ర్యున్ దగ్గరికి పోయి క్షమాపణ చెప్పుకున్నాడు. పతకం వెనక ఎత్తు ఎంత ఉందో, సంచి మోసి తన అంచెలో ఆగిపోయిన మనిషి కూడా అంత ఉన్నాడు.

మెక్సికో పుణ్యమా అని ఎత్తు మీద క్యాంపులు వెలిశాయి. ఫ్రాన్సువాళ్లు పిరెనీస్ కొండల్లో 1,850 మీటర్ల ఎత్తున ఫాంట్ రోమ్యూలో శిక్షణ కేంద్రం కట్టారు. సోవియట్ అథ్లెట్లకు ఆర్మేనియాలోని త్సాగ్‌కాజోర్ అడ్డా అయింది. కెన్యాలో ఇటెన్ అనే 2,400 మీటర్ల ఎత్తు ఊరికి 1976లో ఐర్లండు నుంచి కోల్మ్ ఓకానెల్ అనే టీచరు వచ్చి, సెయింట్ ప్యాట్రిక్స్ హైస్కూలు పిల్లలను పరుగెత్తించడం మొదలుపెట్టాడు. పరుగు కోచింగులో ఏ శిక్షణా లేని ఆయన పెంచిన పిల్లల్లోంచి ప్రపంచ చాంపియన్లు వచ్చారు.

అసలు ఎత్తు మీద ఒంట్లో జరిగేదేమిటి? మొదటి రెండు మూడు రోజులు శిక్షలా ఉంటుంది. రాత్రి సరిగా నిద్ర పట్టదు. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది. గొంతు ఎండుతుంది, ఆకలి మందగిస్తుంది, రక్తంలో నీటిపాలు తగ్గుతుంది. ఆక్సిజన్ చాలడం లేదని మొదట పసిగట్టేది మూత్రపిండాలు. అవి ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోనును వదులుతాయి. ఎముక మూలుగ ఆ మాట విని కొత్త ఎర్రకణాలు తయారు చేస్తుంది. ఒంటికి ఫలం దక్కాలంటే మూడు నాలుగు వారాలు కొండ మీదే ఉండాలి. ఇనుము నిల్వలు లేకుండా కొండెక్కినవాడికి కూలీ లేని పనిలా అవుతుంది, ముడిసరుకు లేక మూలుగ చేతులెత్తేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఎత్తు మీద ఉంటే రక్తం పెరుగుతుంది గానీ పరుగు వేగం తగ్గుతుంది. నెలరోజులు నెమ్మదిగా పరుగెత్తిన కాళ్లు వేగాన్ని మరిచిపోతాయి. బెంజమిన్ లెవిన్, జేమ్స్ స్ట్రే గండర్సన్ అనే అమెరికా పరిశోధకులు యూటా రాష్ట్రంలో 39 మంది రన్నర్లతో ఈ ముడి విప్పి 1997లో ఫలితాలు అచ్చువేశారు. 2,500 మీటర్ల ఎత్తున నిద్ర, 1,250 మీటర్లకు దిగి వేగపు పరుగులు. ‘పైన కాపురం, కింద కష్టం’ అన్నమాట. నాలుగు వారాల తర్వాత ఆ జట్టు 5,000 మీటర్ల టైము సగటున 13 సెకన్లు తగ్గింది. కొందరికి మాత్రం ఎత్తు ఒంటబట్టలేదని ఆ మరుసటి ఏడాదే తేలింది. పైగా తెచ్చుకున్న రక్తం శాశ్వతం కాదు. కిందికి దిగాక కొద్ది వారాల్లో పాత లెక్కకు వచ్చేస్తుంది. అందుకే పందెం తేదీ చూసుకుని దిగే రోజు నిర్ణయించడం కోచ్‌ల విద్యలో సగం.

ఈ కథలో తెలుగువాడి పేరు పరుగు దగ్గర దొరకదు, ప్రయోగశాలలో దొరుకుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరాడు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ బయటపెట్టాడు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని విడిగా కనుగొన్నాడు. రన్నరు కాలు నేలను తన్నే ప్రతిసారీ కండరంలో ఖర్చయ్యే చిల్లర ఆ ఏటీపీ. దాన్ని మళ్లీ మళ్లీ కూడబెట్టడానికే ఇంత ఆక్సిజన్, ఇంత రక్తం. సుబ్బారావును స్ప్రూ అనే పేగుల జబ్బు పీడించింది, అదే జబ్బు అన్నను పొట్టన పెట్టుకుంది. తర్వాత లెడర్లీ మందుల సంస్థలో ఆయన నడిపిన బృందమే 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఎర్రకణాలు పుట్టాలంటే కావలసిన విటమిన్ అది.

మరి మనవాళ్లకు ఎత్తు ఎక్కడ? నాయుడుపేటలో రైలెక్కి చెన్నై దిగి, సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే పొద్దున్నే మెట్టుపాళయం. అక్కణ్ణుంచి 46 కిలోమీటర్ల కొండ రైలు. చివరి స్టేషన్ ఊటీ. ఎత్తు 2,240 మీటర్లు, సరిగ్గా మెక్సికో సిటీ అంత. దారిలో కూనూరు పక్కన వెల్లింగ్టన్ కంటోన్మెంటు సుమారు 1,850 మీటర్లు. అది అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ ఎత్తుకు దగ్గర. మద్రాస్ రెజిమెంటు కేంద్రం ఉన్నది వెల్లింగ్టన్‌లోనే. ఆ రెజిమెంటులోకి తెలుగు కుర్రాళ్లనూ తీసుకుంటారు. అంటే ఆర్మీ ర్యాలీలో పదహారొందల మీటర్లు గట్టెక్కి ఆ రెజిమెంటుకు ఎంపికైన నెల్లూరు తీరం కుర్రాడు తనకు తెలియకుండానే ఒలింపిక్ రన్నర్లు వెతుక్కునే ఎత్తుకు చేరతాడు.

దేశపు దూరపు రన్నర్లకు ఊటీ ఏళ్ల తరబడి క్యాంపు ఊరు. బెలారస్ నుంచి వచ్చిన కోచ్ నికొలాయ్ స్నెసరెవ్ అక్కడి చలిలో అమ్మాయిలను పరుగెత్తించాడు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10,000 మీటర్ల బంగారం ప్రీజా శ్రీధరన్‌కు, వెండి కవితా రౌత్‌కు దక్కాయి. ఇద్దరి మధ్య తేడా సెకను లోపే. అడ్డంకులు దాటుతూ పరుగెత్తే స్టీపుల్‌ఛేజ్ బంగారం సుధా సింగ్‌ది. 2016 రియోలో లలితా బాబర్ స్టీపుల్‌ఛేజ్ ఫైనల్ చేరి పదో స్థానంలో ముగించింది. స్నెసరెవ్ 2021 మార్చిలో పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కన్నుమూశాడు.

ఎత్తు మన దగ్గరే ఉంది, ఎత్తు మీద కోచ్ కూడా ఉండేవాడు. అయినా మగవాళ్ల ట్రాకు రికార్డులు దశాబ్దాల పాటు కదలలేదు. 5,000 మీటర్లలో బహదూర్ ప్రసాద్ 1992లో బర్మింగ్‌హామ్‌లో పెట్టిన 13:29.70 ముప్పై ఏళ్లు నిలిచింది. 10,000 మీటర్లలో సురేంద్ర సింగ్ 2008లో స్పెయిన్‌లోని విగోలో పెట్టిన 28:02.89 దాదాపు పదహారేళ్లు. రెండూ పరాయి గడ్డ మీద పెట్టినవే. బద్దలైంది కూడా ఒకే చోట. కాలిఫోర్నియాలో, పసిఫిక్ తీరానికి దగ్గరగా ఉన్న శాన్ వాన్ కపిస్ట్రానో అనే చిన్న ఊళ్లో, ఒక హైస్కూలు ట్రాకు మీద.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మాండ్వా నుంచి వచ్చిన అవినాశ్ సాబ్లే సైన్యంలో చేరి సియాచిన్ మంచు, రాజస్థాన్ ఎడారి చూసి వచ్చినవాడు. 2022 మేలో ఆ ట్రాకు మీద 13:25.65 పరుగెత్తి బహదూర్ ప్రసాద్ రికార్డు తీశాడు. అదే ఏడాది కొలరాడో స్ప్రింగ్స్‌లో శిక్షణ తీసుకుని బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకు పోయాడు. స్టీపుల్‌ఛేజ్‌లో 8:11.20తో వెండి. గెలిచిన కెన్యా రన్నరుకూ అతనికీ తేడా సెకనులో ఇరవయ్యో వంతు. 1994 తర్వాత ఆ క్రీడల స్టీపుల్‌ఛేజ్ పతకాల్లో కెన్యావాళ్లు కాని పేరు పడడం అదే మొదలు.

తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ జిల్లా కుర్రాడు, సైనికుడు గుల్వీర్ సింగ్. కొలరాడో స్ప్రింగ్స్‌లో కోచ్ స్కాట్ సిమ్మన్స్ దగ్గర చేరాడు. అమెరికా సైన్యం తరఫున పరుగెత్తే కెన్యా మూలాల రన్నర్లను తీర్చిదిద్దిన కోచ్ ఆయన. 2024 మార్చిలో శాన్ వాన్ కపిస్ట్రానోలో గుల్వీర్ 10,000 మీటర్లను 27:41.81లో ముగించాడు. సురేంద్ర సింగ్ రికార్డు కంటే 21 సెకన్లు తక్కువ. నవంబరులో జపాన్‌లోని హచియోజిలో 27:14.88. 2025 మార్చిలో మళ్లీ అదే కాలిఫోర్నియా ట్రాకు మీద 27:00.22.

ఆ అంకెను నాయుడుపేట లెక్కలోకి మారిస్తే ఇలా ఉంటుంది. పాతిక ల్యాపులు, ల్యాపుకు 65 సెకన్ల లోపు. ఆ వేగంతో పదహారొందల మీటర్లు 4 నిమిషాల 19 సెకన్లలో అయిపోతాయి. అలాంటి పదహారొందలు వరుసగా ఆరు, పైన ఒక ల్యాపు.

ఇంత పరుగెత్తి ఆ రాత్రి గుల్వీర్‌కు వచ్చింది ఆరో స్థానం. రెండు నెలల తర్వాత దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా పోటీల్లో అదే దూరం గెలిచి బంగారం తెచ్చాడు. టైము 28:38.63. నిమిషంన్నర పైన తేడా. గుమిలో అందరూ పతకం కోసం ఒకరినొకరు కనిపెట్టుకుని, చివరి ల్యాపుల కోసం కాచుకున్నారు. కాలిఫోర్నియాలో వేగం మొదటి ల్యాపు నుంచే ఖాయం. పేస్‌మేకర్లు ముందు నడుస్తారు, వాళ్లు తమ వంతు కాగానే పక్కకు తప్పుకుంటారు. వెనక గుంపులో నీడలా అతుక్కున్నవాడికి గాలి మొహానికి తగలదు, వేగం గురించి ఆలోచించే పని ఉండదు. కళ్లు ముందువాడి వీపు మీద పెట్టి పోవడమే. తనకంటే వేగంగా పరుగెత్తేవాళ్లు ఐదుగురు ముందు లేకపోతే ఆ అంకె వచ్చేది కాదు. సాబ్లే స్టీపుల్‌ఛేజ్ రికార్డు 8:09.91 కథా అదే. 2024 జులై 7న పారిస్‌లో ఆ పరుగులో అతనిదీ ఆరో స్థానమే.

ఊటీకీ మెక్సికోకీ ఎత్తులో తేడా లేదు, వెల్లింగ్టన్‌కూ కొలరాడోకూ లేదు. రక్తం ఎక్కడైనా ఒకేలా చిక్కబడుతుంది. అయితే దేశంలో నంబర్ వన్ అయిన రన్నరు ఇక్కడ పొద్దున్నే ఒంటరి. అక్కడ అతను గుంపులో ఐదోవాడో ఆరోవాడో. రన్నర్లు విమానమెక్కి తెచ్చుకున్నది పలచని గాలి కంటే ఆ వెనకబాటే ఎక్కువ.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో మారథాన్‌ను 2:12:00లో ముగించాడు. పంజాబు మైదానంలో, చాలా పందేలు వట్టి కాళ్లతో పరుగెత్తిన మనిషి. ఆ రికార్డు నాలుగు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు. అలాంటివాళ్లు లెక్కలకు లొంగరు.

నెల్లూరు జిల్లాకూ అలాంటి మనిషి ఉండేవాడు, రన్నరు కాదు గానీ ఎత్తుల మనిషి. సంగం మండలం గాంధీజనసంగంలో 1974లో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. ఆ బడి పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు వదిలాడు. కొండల మీద పిల్లాడికి మనసు పడింది ఆయన కథ వల్లే. ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం దాటాక కూడా ఆ మనసు మారలేదు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి, జులై 10న అలాస్కాలోని డెనాలీతో ముగించాడు. 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు, అప్పటికి ప్రపంచంలో అంత వేగంగా ఎక్కినవాడు లేడు. ఒక్కో శిఖరం వారంలో ఒక్కో రోజున పడింది. గురువారం విన్సన్, శుక్రవారం అకాంకాగువా, ఆదివారం ఎవరెస్టు, ఇలా. వాటిలో ఆస్ట్రేలియా శిఖరం కొసియుస్కో 2,228 మీటర్లు, మన ఊటీ కంటే పొట్టి.

కొండ ఎక్కేవాడి రక్తం, రన్నరు రక్తం మారే తీరు ఒకటే. ఒకరు ఎత్తు కోసం ఎత్తుకు పోతారు, ఇంకొకరు కింద పరుగెత్తడానికి పైకి పోతారు. 2015 మార్చి నెలాఖర్లో మస్తాన్‌బాబు ఆండీస్‌లో, చిలీ అర్జెంటీనా సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ మీద ఒంటరిగా ఉండగా తప్పిపోయాడు. ఏప్రిల్ మొదట్లో దేహం దొరికింది. ఆ నెల 25న పెన్నా ఒడ్డు ఊరిలో అంత్యక్రియలు జరిగాయి.

పరుగు సంగతికొస్తే, 2025 ఫిబ్రవరి 21న గుల్వీర్ 200 మీటర్ల ఇండోర్ ట్రాకు మీద 5,000 మీటర్లను 12:59.77లో ముగించాడు. పదమూడు నిమిషాల గడప దాటిన మొదటి భారతీయుడతను. ఆ ట్రాకు ఉన్నది సుబ్బారావు కండరాల గుట్టు విప్పిన బోస్టన్‌లోనే.

నాయుడుపేటలో ఈవెంట్స్ కోసం పరుగెత్తే కుర్రాళ్లకు అలాంటి ట్రాకులు లేవు. రోడ్డు మార్జినుంది, సున్నంతో గీసిన గీత ఉంది, గీత దగ్గర నిలబడి ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కే సావాసగాడు ఉన్నాడు. రెండో ల్యాపు దాకా ముందు పోయినవాడు రొప్పుతూ పక్కకు జరుగుతాడు. వెనకవాడు ముందుకొస్తాడు. ఫోను పట్టుకున్నవాడు సెకన్లు గట్టిగా అరుస్తాడు.